మునికృష్ణ ఇంటి గోడ

మద్రాసు వ్యాసర్పాడిలో రైలు యార్డు వెంబడి పోయే వీధుల్లో మునికృష్ణని ఎరగనివాళ్ళు ఉండొచ్చు గానీ, అతని చేతిరాత చూడనివాళ్ళు మాత్రం లేరు. ఎన్నికలొచ్చాయంటే వంతెన కింది గోడలూ, రేషను షాపు పక్క గోడలూ, పాత గోడౌన్ల వెనకమాల గోడలూ అన్నీ అతనివే. ముందు సున్నం కొట్టేవాడు. అది ఆరాక నీలిమందులో ముంచిన దారం లాగి గీతలు కొట్టి, ఆ గీతల నడుమ మనిషెత్తు అరవ అక్షరాలు నిలబెట్టేవాడు. దూరం నించి రైల్లో పోయేవాళ్ళు కూడా కిటికీలోంచి చదువుకునేట్టు ఉండేవి. విచిత్రమేమంటే ఇంట్లో మాట్లాడే తెలుగుని మాత్రం అతను కూడబలుక్కుని గానీ చదవలేడు. తాతల కాలంలో పుత్తూరు పక్క నించి మిల్లు పనికొచ్చిన కుటుంబం వాళ్ళది. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. బళ్ళో నేర్చిందీ అరవమే.

మీసాలు రాకముందే పార్టీలో చేరాడు. ఆ పార్టీ పేరు ఇక్కడ అక్కర్లేదు. రాష్ట్రంలో పెద్ద పార్టీలు రెండుంటే అందులో ఒకటి. కూలి కోసం కాదు, ప్రేమతో చేరాడు. వాళ్ళ తలైవర్, పార్టీ పెద్ద నాయకుడు, మాట్లాడుతుంటే ఒళ్ళు గగుర్పొడిచేదని ఇప్పటికీ చెబుతాడు. అతని ఇల్లు రోడ్డు మలుపులో ఉంది. పక్క గోడ పొడుగ్గా, నున్నగా, వచ్చేపోయే బస్సులన్నిటికీ ఎదురుగా ఉంటుంది. ఎన్నికలు లేని కాలంలో కూడా ఆ గోడ మీద ఒక మూల పార్టీ పేరు రాసి ఉండేది, ఈ గోడ మాది, ఇంకెవరూ ముట్టుకోవద్దని. భార్య చెంగమ్మ అప్పుడప్పుడూ నవ్వేది. "ఇల్లు మనది, గోడ మాత్రం పార్టీది" అనేది. అందులో తప్పేముందో మునికృష్ణకి అర్థమయ్యేది కాదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, శ్రీప్రియ. ఊళ్ళోనే చూలైలో అల్యూమినియం గిన్నెలు చేసే పట్టడ పెట్టుకున్న ఒక తెలుగు కుటుంబానికి ఇచ్చారు. అల్లుడు సతీష్ నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదస్తుడంటే వాళ్ళమ్మ ముందు నోరు తెరిచి మంచినీళ్ళడగడానికి కూడా ఆలోచించేవాడు. పెళ్ళయిన రెండో ఏడు ఆడపిల్ల పుట్టింది. హేమ అని పేరు పెట్టారు. ఆ పిల్ల తప్పటడుగులు వేసే వేళకి శ్రీప్రియ మళ్ళీ నీళ్ళోసుకుంది.

అది తొంభై నాలుగు. చూలైలో అప్పుడప్పుడే స్కాను మిషన్లు వచ్చాయి. ఒకనాడు పొద్దున చెంగమ్మ చూలై పోయి వచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడింది. మునికృష్ణ అరుగు మీద కూర్చుని పార్టీ మాణాడు సభ కోసం గుడ్డ బ్యానర్లు రాస్తున్నాడు.

"స్కాను తీసినారంట" అంది చెంగమ్మ.

"ఏమంట?"

"మళ్ళీ ఆడబిడ్డేనంట. తీసేయిస్తామంటా ఉండారు."

మునికృష్ణ కుంచె ఎత్తలేదు. సగంలో ఉన్న అక్షరాన్ని పూర్తి చేశాడు. "పాప ఏమంటా ఉండాది?" అని అడిగుంటే తరవాత అతనికి అంత బాధ ఉండేది కాదేమో. అడగలేదు. "అది వాళ్ళింటి విషయం మే. మనం పోయి ఏం చెప్పగలం?" అన్నాడు. చెంగమ్మ చెప్పులు విడిచి లోపలికి పోయింది. ఆ రోజుల్లో అందరూ అట్లాగే అనేవాళ్ళు. డాక్టరు చేసే పని, ఆస్పత్రిలో జరిగే పని. దానికి పేరు పెట్టి మాట్లాడుకోవాలని ఎవరికీ తోచేది కాదు.

ఆ వారంలోనే కబురొచ్చింది. మధ్యాహ్నం మునికృష్ణ, చెంగమ్మ చూలైలో ఒక సందులో ఉన్న నర్సింగ్ హోముకి పోయారు. కింద మందుల షాపు, మేడ మీద నాలుగు గదులు. సతీష్ వాళ్ళమ్మ బెంచీ మీద కూర్చుని హేమకి బిస్కెట్లు తినిపిస్తోంది. సతీష్ మెట్ల దగ్గర నిలబడి కిందికి చూస్తున్నాడు. చెంగమ్మ లోపలికి పోయింది. మునికృష్ణ ఏం చెయ్యాలో తెలియక వెనక వరండాలోకి పోయి నిలబడ్డాడు.

అక్కడికే వచ్చింది ఆయా. సెలీనా అని అందరూ పిలుస్తుంటే విన్నాడు. పెద్దావిడ, మెళ్ళో నల్లతాడుకి చిన్న సిలువ. చేతిలో తువ్వాలు మూట.

"మీరు పిల్ల నాన్నగారు కదా" అని అరవంలో అడిగింది. అవునన్నాడు. "వాళ్ళని అడిగాను. వద్దన్నారు. ఐదో నెల దాటిన బిడ్డ అయ్యా. మామూలుగా అయితే చెత్త బండిలోకి పోతుంది. ఈ వయసులో నాకిక చెయ్యి రావట్లేదు. మీవాళ్ళలో ఎవరైనా తీసుకుపోతే బావుంటుంది."

అతను రెండు చేతులూ చాచాడు. ఎందుకు చాచాడో అతనికే తెలియదు. మూటకి బరువే లేదు. ఆ బరువు లేకపోవడమే అతని చేతుల్లో మిగిలిపోయింది.

చూలై నించి వ్యాసర్పాడి శ్మశానం దాకా నడిచే పోయాడు. బస్సెక్కడానికి మనసొప్పలేదు, మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్కవాళ్ళు ఏమని అడుగుతారోనని. రైలు పట్టాల పక్కన ఎవరూ లేని చోట ఆగి తువ్వాలు మడత తీసి చూశాడు. చూడకుండా ఉండాల్సిందని తరవాత చెంగమ్మ అంది. ఎర్రటి చిన్న మొహం. మూసిన కళ్ళు. ఒక చెయ్యి గడ్డం కింద ఆనించుకుని ఉంది. వేళ్ళు అయిదూ విడివిడిగా, అతని దగ్గరుండే అన్నిటికన్నా సన్నటి కుంచె కొనల్లా ఉన్నాయి. పుట్టినప్పుడు హేమ కూడా చెయ్యి అట్లాగే పెట్టుకుని నిద్రపోయేది.

శ్మశానం కాపలావాడు గోడ వారగా, వేపచెట్లకి అవతల, ఒక చిన్న గుంట తవ్వి ఇచ్చాడు. మునికృష్ణే లోపల పెట్టాడు. మట్టి కూడా తనే వేశాడు. ఇంటికొచ్చి చెంగమ్మకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

శ్రీప్రియకి జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. లోపల చీము పట్టిందని వేరే ఆస్పత్రిలో చేర్చి ఇంకో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది గానీ ఇక పిల్లలు పుట్టరని చెప్పారు. పుట్టింట్లో కొన్నాళ్ళుండి, హేమని తీసుకుని చూలై పోయింది. ఆ తరవాత ఆ ఇంట్లో ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కారు. అసలు పలకరించేవాళ్ళే కారు.

మునికృష్ణ మామూలుగానే తిరిగేవాడు, పని చేసేవాడు. కానీ లోపలొకటి మారింది. ఎవరింట్లో కడుపని విన్నా ఆ చెయ్యి గుర్తొచ్చేది. ఆడబిడ్డ కాబట్టి పాపం అని జనం అంటే అతనికి సరిపోయేది కాదు. మగబిడ్డ అయితే మాత్రం? అయిదు వేళ్ళున్న ప్రాణి గదా. కానీ ఇది ఎవరితో అనాలో, ఎట్లా అనాలో తెలిసేది కాదు. అతను చదువుకున్నవాడు కాదు. చూసిందొక్కటే అతని దగ్గరున్న మాట.

తొంభై ఆరు వేసవిలో ఎన్నికలొచ్చాయి, అసెంబ్లీకీ పార్లమెంటుకీ కలిపి. ఆసారి ఎన్నికల కమిషన్ వాళ్ళ కట్టుదిట్టాలు ఎక్కువ. ఇంటివాళ్ళు రాసిస్తే తప్ప గోడ మీద గీత గీయకూడదు. గోడలన్నీ ఒక్కసారిగా బోసిపోయాయి. పార్టీ వట్టం కార్యదర్శి, ఆ వార్డుకంతా పెద్ద, గోవిందస్వామి స్కూటరు మీద వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మునికృష్ణతో పాతికేళ్ళ స్నేహం. ఇద్దరూ ఒకే పోరాటంలో జైలుకి పోయి ఒకే కంచంలో తిన్నవాళ్ళు.

"ఈసారి ఊరంతటికీ నీ గోడే మనకు దిక్కు మునికృష్ణా. అభ్యర్థి పేరు పెద్దగా పడాలి."

"రాస్తా. కానీ అభ్యర్థితో ఒక మాట మాట్లాడాలి."

గోవిందస్వామి ఆశ్చర్యపడ్డాడు. ఇన్నేళ్ళలో మునికృష్ణ ఏదీ అడిగినవాడు కాదు. ఇంటి పట్టానో, కూతురికి ఉద్యోగమో, ఏదో ఒకటి అడుగుతాడనుకుని మర్నాడే తీసుకుపోయాడు.

అభ్యర్థి మంచివాడే. కుర్చీ వేయించి కాఫీ తెప్పించాడు. మునికృష్ణ తడబడుతూ చెప్పాడు. కడుపులో బిడ్డల్ని తీసేస్తున్నారనీ, స్కాను పెట్టి మరీ తీసేస్తున్నారనీ, చెత్త బండిలో వేస్తున్నారనీ. "మీరు మీటింగులో ఒక్క మాట చెప్పండి. అది కూడా ప్రాణమేనని చెప్పండి చాలు."

అభ్యర్థి కాఫీ గ్లాసు అతని వైపు జరిపాడు. "మీ ఇంట్లో ఏదో జరిగింది. నాకు బాధగా ఉంది" అన్నాడు. "కానీ అణ్ణే, చిన్న కుటుంబం కావాలని గోడల మీద రాయించింది మనమే. మీరే రాశారు గదా. ఇప్పుడు నేను పోయి ఈ మాట చెబితే ఆడవాళ్ళు ఏమనుకుంటారు? డాక్టర్లు ఏమనుకుంటారు? మంచినీళ్ళ గురించి అడగండి, చెబుతాను. ఇది ఓట్ల మాట కాదు."

మునికృష్ణ కాఫీ తాగేసి లేచాడు. అతనన్నది నిజమే. కుటుంబ నియంత్రణవాళ్ళ ఆ ఎర్ర త్రికోణం బొమ్మలు ఎన్ని గోడల మీద గీశాడో అతనికే లెక్క లేదు. వాటిని గీసినప్పుడు ఇది తోచలేదు.

రెండో పార్టీవాళ్ళ ఆఫీసు ముందు ఈ జన్మలో కాలు పెడతానని అతను అనుకోలేదు. అయినా పోయాడు. అక్కడ మహిళా విభాగం చూసుకునే కోకిల అనే ఆవిడ ఉంది. మునిసిపల్ స్కూల్లో టీచరు చేసి మానేసిన మనిషి. అభ్యర్థికన్నా శ్రద్ధగా విన్నది.

"ఆడపిల్ల అని తీసేయడం తప్పే. దానికి చట్టం కూడా వచ్చింది. అది మేం చెబుతూనే ఉన్నాం" అంది. "కానీ మీరు దానితో ఆగట్లేదు. ఏ బిడ్డనీ తీయకూడదంటున్నారు."

"అవునమ్మా."

"మా అక్క కడుపు పోగొట్టుకోడానికి నాటుమందు తిని చచ్చిపోయిందయ్యా. ఆస్పత్రికి పోతే బయట తెలుస్తుందని భయపడి. ఆ తలుపు మూస్తే ఇంకెంతమంది మా అక్కలు పోతారో మీరు ఆలోచించారా? కడుపు మోసేది మేము. మీరు వచ్చి గోడల మీద రాసేస్తే సరిపోతుందా?"

కోపంగా అనలేదు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆవిడ అక్కది ప్రాణమే. తను పూడ్చిందీ ప్రాణమే. ఒకదాని కోసం ఇంకోటి వదిలేయమంటే అతనికి చేతకాలేదు. దణ్ణం పెట్టి వచ్చేశాడు.

ఆ మర్నాడు పొద్దున్నే గోడకి సున్నం కొట్టాడు. మూలనున్న పార్టీ పేరు కూడా సున్నంలో కలిసిపోయింది. ఎండెక్కే వేళకి దారం లాగి గీతలు కొట్టి రాయడం మొదలుపెట్టాడు. రంగులేమీ లేవు, నలుపొక్కటే. అరవంలో రెండే వరసలు. 'కడుపులో ఉన్నదీ బిడ్డే. దాన్ని బతకనిస్తామని చెప్పేవాళ్ళకే ఈ ఇంటి ఓటు.'

సాయంత్రానికి వీధంతా చదివింది. బస్సు దిగినవాళ్ళు ఆగి చదివారు. కొందరు నవ్వారు. ఒక ముసలావిడ గోడ ముందు నిలబడి, ఎవరి చేతో చదివించుకుని, కొంగుతో మొహం తుడుచుకుని పోయింది. గోవిందస్వామి స్కూటరు ఆపి దిగకుండానే చూశాడు.

"ఇదేంది?"

"రాసింది కనపడతా ఉంది గదా."

"ఇది పార్టీ గోడ మునికృష్ణా."

"ఇల్లు నాది. ఇంటివాడు ఒప్పుకుంటే రాయొచ్చని కమిషన్ చెప్పింది. ఇంటివాడు ఒప్పుకున్నాడు."

గోవిందస్వామి మొహం ఎర్రబడింది. "పాతికేళ్ళు. నీకు ఏం తక్కువ చేసినాం? ఇప్పుడు నీ వల్ల పది ఓట్లు పోతే ఆ పది ఓట్లతో వాళ్ళు గెలిస్తే?"

"నాకు తెలీదు గోవిందా" అన్నాడు మునికృష్ణ. "నాకు ఈ ఒక్కటి తెలుసు."

గోవిందస్వామి వెళ్ళిపోయాడు. బెదిరిస్తాడనుకున్నాడు గానీ బెదిరించలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

గోడ సంగతి చూలై చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండో రోజు మధ్యాహ్నం శ్రీప్రియ హేమని చంకనేసుకుని బస్సు దిగింది. గోడ ముందు నిలబడి చదివింది. ఇంట్లోకి రాలేదు. మునికృష్ణే బయటికి పోయాడు.

"ఎండలో నిలబడినావేంది? లోపలికి రామ్మా."

"నాయినా, ఇది నా గురించేనా?"

"నీ పేరు యాడుంది అందులో?"

"పేరెందుకు? ఈ వీధిలో ఎవురికి తెలీదు? మా అత్త పొద్దున్నించీ అంటానే ఉండాది. మీ నాయిన మమ్మల్ని గోడకెక్కించినాడు, బిడ్డల్ని చంపినోళ్ళని రాసినాడు అని. నేను ఆడ తలెత్తుకునేది ఎట్లా?" గొంతు పెంచలేదు. హేమ భుజం మీద నిద్రపోతోంది. "అప్పుడు వాళ్ళు నన్నడగలేదు నాయినా. కాయితం మీద సంతకం పెట్టమన్నారు, పెట్టినా. నువ్వూ అడగలేదు. ఆడికొచ్చి ఒక్క మాట, నీకేం కావాల పాపా అని అడిగుంటే నేను నీ వెనకాలే వచ్చేసుండేదాన్ని. ఇప్పుడు ఊరందరికీ చెప్తా ఉండావు."

మునికృష్ణ వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కొంతసేపటికి లేచి, దొడ్లోకి పోయి, మిగిలిన సున్నం బకెట్టు తెచ్చాడు. నిచ్చెన వేసుకుని పైవరస నించి మొదలుపెట్టి కొట్టేశాడు. నల్లరంగు కదా, ఒక్క పూతకి పోలేదు. మూడు పూతలు వేశాడు. శ్రీప్రియ అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంది. ఆపమనలేదు, కొట్టమనలేదు.

గోడ తెల్లబడ్డాక శ్రీప్రియ మెల్లిగా అడిగింది. "పాపని యాడ పెట్టినావు?"

రెండేళ్ళుగా ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. చెంగమ్మ చెప్పిందేమోనని చూశాడు. గుమ్మంలో ఉన్న చెంగమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆయా చెప్పింది నాకు. మీ నాయిన తీసకపోయినాడమ్మా అని. అడగాలని అనుకుంటా ఉన్నా. నోరు రాలేదు."

మర్నాడు పొద్దున తండ్రీ కూతుళ్ళిద్దరూ శ్మశానానికి పోయారు. దారిలో శ్రీప్రియ ఒక మూర కనకాంబరాలు కొంది. వేపచెట్లు దాటి గోడ వారకి పోతే అక్కడ నేలంతా చదును చేసి ఉంది. కొత్త షెడ్డు కోసం మట్టి పోసి రోలరు తోలారట. అప్పటి కాపలావాడు పని మానేసి ఊరెళ్ళిపోయాడు. మునికృష్ణ గోడ వెంబడి ఆ చివర నించి ఈ చివరకి నడిచాడు. ఇక్కడా, ఇంకొంచెం అటుపక్కా అని వెతుక్కున్నాడు. గీత గీసి కొలిచినట్టు అక్షరాలు రాసే మనిషి ఆ చోటు మాత్రం గుర్తుపట్టలేకపోయాడు.

"ఈడేనేమో అనిపిస్తా ఉంది" అన్నాడు చివరికి.

"సరే నాయినా, ఈడే" అని శ్రీప్రియ పూలు అక్కడ పెట్టింది. వంగి మట్టి మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. తరవాత అడిగింది, "ఎట్లుండింది?"

అతను చెప్పాడు. గడ్డం కింద చెయ్యి గురించి చెప్పాడు. హేమ లాగానే అని చెప్పాడు. శ్రీప్రియ వింటూ, ఏడవకుండా, తల ఊపుతూ ఉంది. బస్సు స్టాపుకి వచ్చాక ఏడ్చింది.

ఎన్నికలకింక వారం ఉందనగా ఏకాంబరం వచ్చాడు. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ప్రతి ఎన్నికకీ స్వతంత్రంగా నిలబడతాడు, ప్రతిసారీ డిపాజిట్టు పోగొట్టుకుంటాడు. సైకిలుకి ఒక మైకు గొట్టం కట్టుకుని తనే తిరుగుతాడు. పిల్లలు వెంటపడి ఏడిపిస్తారు. ఈసారి అసెంబ్లీకి నిలబడితే నిచ్చెన గుర్తు ఇచ్చారు.

"మీ గోడ మీద రాసింది చదివాను. మళ్ళీ వస్తే లేదు. పార్టీవాళ్ళు చెరిపారా?" గూడూరులో పనిచేసినప్పుడు నేర్చుకున్న తెలుగులో అడిగాడు.

"నేనే చెరిపినాను సార్."

ఏకాంబరం సైకిలు స్టాండు వేసి అరుగు మీద కూర్చున్నాడు. "నేను ఇంతవరకూ దాని గురించి ఆలోచించలేదయ్యా. నిజం చెబుతున్నాను. కాలవలూ, దోమలూ, రేషను బియ్యం, ఇవే మాట్లాడేవాణ్ణి. రెండ్రోజులుగా అదే తిరుగుతోంది బుర్రలో. మీరు చెప్పండి, వింటాను."

మునికృష్ణ చెప్పాడు. మూట సంగతి కూడా చెప్పాడు. కోకిల అన్న మాట కూడా దాచకుండా చెప్పాడు, ఆవిడకి జవాబు తనకి తెలియదని. ఏకాంబరం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తల్లీ బతకాలి, బిడ్డా బతకాలి. అట్లా చెబితే తప్పా?"

"తప్పు లేదు సార్."

"అయితే చెబుతాను. గెలవను, అది మీకూ తెలుసు. కానీ చెబుతాను."

ఆ సాయంత్రం వంతెన దగ్గర నిలబడి చెప్పాడు కూడా. వినేవాళ్ళు గుప్పెడు మంది. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళు కొందరు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కొందరు. కడుపులో ఉన్న బిడ్డకి ఓటు లేదు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరనీ, భయపడే తల్లికి తోడు నిలబడితే బిడ్డని చంపుకునే పని ఉండదనీ, అది సర్కారు చెయ్యాల్సిన పని అనీ అన్నాడు. మైకు మధ్యలో కీచుమంది. ఎవడో ఈలేశాడు. మునికృష్ణ దూరంగా లాంతరు స్తంభం కింద నిలబడి విన్నాడు. పెద్ద తలైవర్ల మీటింగుల్లో ఇసకవేస్తే రాలనంత జనంలో నిలబడినవాడు. ఆ రోజు ఈ పదిమందిలో నిలబడి విన్నంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

ఓటు రోజు పొద్దున చెంగమ్మతో కలిసి స్కూలుకి పోయాడు. గోవిందస్వామి గేటుకి దూరంగా పార్టీ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ప్రతిసారీ ఆ బల్ల దగ్గర మునికృష్ణా ఉండేవాడు, స్లిప్పులు రాస్తూ. ఇద్దరి కళ్ళూ కలిశాయి. గోవిందస్వామే ముందు తల తిప్పుకున్నాడు.

లోపల రెండు కాయితాలిచ్చారు, ఒకటి అసెంబ్లీకి, ఒకటి పార్లమెంటుకి. అట్టల చాటున నిలబడి మొదటి కాయితం విప్పాడు. తన పార్టీ గుర్తు మీద కళ్ళు నిలిచిపోయాయి. ఆ గుర్తుని కళ్ళు మూసుకుని గీయగలడు. ఎన్ని గోడల మీద, ఎన్ని జెండాల మీద వేశాడు. చచ్చిపోయిన వాళ్ళ నాయన కూడా దానికే వేసేవాడు. దాన్ని వదిలేస్తుంటే సొంత మనిషిని వదిలేసినట్టే అనిపించింది. కాయితం కిందికి దిగి నిచ్చెన మీద ముద్ర వేశాడు. రెండో కాయితంలో అడిగిన మాట చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. పైనించి కిందిదాకా ఇంకోసారి చూశాడు. ముద్ర వేయకుండానే మడిచి పెట్టెలో వేశాడు.

బయటికొచ్చాక చెంగమ్మ అడిగింది, "ఏకాంబరానికేనా?"

"ఆ."

"నేనూ అంతే. నువ్వు చెప్పినావని కాదు" అంది.

పార్టీ భారీగా గెలిచింది. వీధుల్లో టపాసులు పేలాయి. ఎవరి ఓటూ అక్కర్లేనంత ఆధిక్యం. ఏకాంబరానికి పడినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కాకపోయినా, వేసినవాళ్ళ పేర్లన్నీ ఒక పోస్టు కార్డు మీద పట్టేటన్నే. డిపాజిట్టు పోయింది. అయినా వచ్చి అరుగు మీద కూర్చుని, "పోయినసారి కన్నా కొంచెం ఎక్కువయ్యా" అన్నాడు. ఎందుకు ఎక్కువయిందో ఇద్దరికీ తెలియదు.

పార్టీ పనులు మునికృష్ణకి ఆగిపోయాయి. ఎవరూ తీసేయలేదు. పిలవలేదు, అంతే. ఎన్నూరు రోడ్డులో లారీల షెడ్డుల్లో నంబర్లూ, వెనక తలుపుల మీద దేవుళ్ళ పేర్లూ రాసే పని చూసుకున్నాడు. పొద్దున పోయి సాయంత్రానికి బొగ్గు దుమ్ముతో ఇంటికొచ్చేవాడు.

చూలైవాళ్ళకి మాత్రం ఆ గోడే సాకయింది. చెరిపేసినా సరే, రాసింది రాసిందే అన్నారు. మా పరువు తీసినవాళ్ళ పిల్ల మాకొద్దన్నారు. లోపలున్నది వేరే సంగతని అందరికీ తెలుసు, కొడుకుని కనలేని కోడలు. ఏడాది తిరక్కుండా తిరుత్తణి దగ్గర సతీష్ కి ఇంకో పెళ్ళి చేశారు. సతీష్ ఒకసారి వచ్చి హేమని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పొద్దుపోయేదాకా ఉండి పోయాడు. శ్రీప్రియ మళ్ళీ చూలై పోలేదు. వీధి చివర టైలరు దగ్గర కాజాలు కుట్టడం మొదలుపెట్టి, తరవాత సొంతంగా మిషను పెట్టుకుంది.

"నేను రాయకుండా ఉంటే నువ్వు నీ ఇంట్లో ఉండేదానివి" అన్నాడు మునికృష్ణ ఒకసారి, అన్నం తింటూ.

శ్రీప్రియ అతని కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టింది. "ఉండేదాన్నేమో. తెలీదు నాయినా" అంది. కాదని అనలేదు. అతన్ని ఊరడించడానికి అబద్ధం చెప్పలేదు. ఆ మాట అతని లోపల అట్లాగే ఉండిపోయింది.

తొంభై ఎనిమిదిలో మళ్ళీ ఎన్నికలొచ్చినప్పటికి ఏకాంబరం లేడు. అంతకు ముందు వానాకాలంలో జ్వరమొచ్చి పోయాడు. మునికృష్ణ ఈసారి కూడా అభ్యర్థులందరి దగ్గరకీ పోయి అదే మాట అడిగాడు. కొందరు వినలేదు. కొందరు విని, చూద్దామన్నారు. చెబుతానన్నవాడు ఒక్కడూ లేడు. ఒకడు, ఇంకా అదేనా నీకు, అని నవ్వాడు. అతను నొచ్చుకోలేదు. అడగడం తన వంతని పెట్టుకున్నాడు.

ఓటు రోజు లారీ షెడ్డుకి సెలవు పెట్టి, తెల్ల చొక్కా వేసుకుని బయల్దేరాడు. ఎవరికీ వెయ్యనప్పుడు ఎండలో అంతదూరం పోవడం దేనికని శ్రీప్రియ అడిగింది.

"పోకపోతే నాకేం పట్టలేదనుకుంటారమ్మా" అన్నాడు.

ఆ పిల్ల మిషను ఆపి, హేమని పక్కింట్లో అప్పగించి, చెప్పులేసుకుంది. ఇద్దరూ స్కూలు దాకా నడిచి పోయి వరసలో నిలబడ్డారు. ఆడవాళ్ళ వరస పొడుగ్గా ఉంది. అతని పని ముందే అయిపోయింది. ముద్ర లేని కాయితం పెట్టెలో వేసి, వేలికి సిరా పూయించుకుని, గేటు బయట నీడలో కూతురి కోసం నిలబడ్డాడు.